విద్వత్పరిషత్తుల ఆయవ్యయాలు – సభ్యుల బాధ్యత

విద్వత్పరిషత్తుల మహాసభలలో రెండు ప్రధాన ఘట్టాలుంటాయి. ఒకటి పత్రసమర్పణ, రెండవది సర్వసభ్య సమావేశం. మొదటిదానికి ప్రతినిధులు దూరప్రాంతాల నుండి శ్రమకోర్చి వస్తారు. ఒక పాఠభేదం మీద గంటసేపు వాదించడానికైనా వెనుదీయరు. రెండవది సాధారణంగా చివరి రోజు సాయంకాలం, ప్రయాణ సన్నాహాల నడుమ, పలుచబడిన సభలో ముగుస్తుంది. నివేదికను చదివినట్లుగా భావించవలసిందని కార్యదర్శి కోరతారు. లెక్కలు కరతాళధ్వనుల మధ్య ఆమోదం పొందుతాయి. కార్యవర్గం ఏకగ్రీవంగా ఎన్నికవుతుంది. శ్లోకంలోని చకారం సార్థకమా, పాదపూరణార్థమా అని తేలనిదే తృప్తిపడని విద్వాంసులు, తమ సంస్థ నిధిలో ఎంత ఉన్నదో, ఎంత ఉండవలసినదో విచారించకుండానే చేయెత్తుతారు.

ఈ ఉపేక్షకు మూలం ద్రవ్యచింత విద్వాంసునికి తగదనే భావన. ఈ భావన ఔదార్యంగా కనిపిస్తుంది కాని, దీని ఫలితాన్ని అనుభవించేది తాళపత్రాలు, నిఘంటువులు, పరిశోధన పత్రికలు. నిధి క్షీణించిన సంస్థలో మొదట ఆగిపోయేది కార్యాలయ నిర్వహణ కాదు, గ్రంథముద్రణ. కనుక ఆయవ్యయ పత్రాన్ని కూడా విమర్శదృష్టితో పఠించవలసిన గ్రంథంగా స్వీకరించడం విద్వత్పరిషత్తు సభ్యుని శాస్త్రధర్మంలో భాగమే.

శాస్త్రసంప్రదాయంలో ఇది కొత్త విషయం కాదు. కౌటిలీయార్థశాస్త్రం ద్వితీయాధికరణంలో అక్షపటలానికి, అంటే లెక్కల కార్యాలయానికి, ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉన్నది. ఆషాఢమాసంలో ఏటి లెక్కలు ఒకచోటికి చేరాలని, సకాలంలో రాని అధికారికి దండన విధించాలని అందులో నియమం. దాని తరువాతి అధ్యాయం ద్రవ్యాపహరణ మార్గాలను నలభైగా పరిగణించింది. సూక్ష్మపరిశీలన లేనిదే అంతటి వర్గీకరణ సాధ్యం కాదు.

శాస్త్రంలోని ఈ నియమం ఆచరణలో ఎట్లుండేదో తెలుసుకోవడానికి తమిళదేశంలోని ఉత్తరమేరూరు శాసనాలు తోడ్పడతాయి. చోళరాజు మొదటి పరాంతకుని కాలంలో, క్రీ.శ. 919, 921 సంవత్సరాలలో వెలువడిన ఈ శాసనాలు బ్రాహ్మణ గ్రామసభ తన ఉపసంఘాలను ఎన్నుకొన్న విధానాన్ని వివరిస్తాయి. సభ్యత్వకాలం 360 రోజులు. గడచిన మూడేండ్లలో ఉపసంఘంలో ఉన్నవారు మళ్లీ అర్హులు కారు. పదవిలో ఉండి లెక్క అప్పగించని వారి పేరును, వారి సమీప బంధువుల పేర్లను ఎన్నిక కుండలో వేయరాదు. వేదశాస్త్రపరిజ్ఞానాన్ని అర్హతగా కోరిన సభయే లెక్క చెప్పడాన్ని కూడా అర్హతగా కోరింది. ఈ రెండింటికీ విరోధం లేదని వేయేండ్లకు పూర్వమే తేల్చినట్లయింది.

ఆధునిక పద్ధతిలో ఈ దేశంలో వెలసిన విద్వత్పరిషత్తులలో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ ప్రాచీనమైనది. 1984లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటితమైన ఈ సంస్థ చరిత్రను పండితలోకం సర్ విలియం జోన్సు ఉపన్యాసాల ద్వారా, జేమ్స్ ప్రిన్సెప్ లిపిపరిశోధన ద్వారా, ‘బిబ్లియోథికా ఇండికా’ గ్రంథమాల ద్వారా ఎరుగును. దాని ద్రవ్యచరిత్ర అంతగా పరిశీలనకు రాలేదు. ఇతర సంస్థలు నేర్చుకోవలసిన పాఠాలు మాత్రం అందులోనే ఎక్కువ.

1784 జనవరి 15న స్థాపితమైన ఈ సంస్థకు తొలి పన్నెండేండ్లు చందా లేదు, సొంత భవనమూ లేదు. సమావేశాలు సుప్రీంకోర్టు భవనంలోని ఒక గదిలో జరిగేవి. జోన్సు ప్రతిభ, పలుకుబడి సంస్థకు మూలధనంగా ఉండేవి. 1794లో ఆయన మరణించాడు. వ్యక్తి తేజస్సు మీద నిలిచిన సంస్థ ఆ వ్యక్తి అనంతరం దేని మీద నిలవాలన్న ప్రశ్న సహజంగానే తలెత్తింది. 1796లో సభ్యులు క్రమమైన చందాను ఏర్పరచుకొన్నారు. 1805లో ప్రభుత్వం స్థలమిచ్చింది. 1808 నాటికి పార్కు వీధిలో భవనం సిద్ధమైంది. చందా తరువాతనే ఇల్లు వచ్చిందన్న ఈ క్రమం గమనార్హం.

ఈ చరిత్రలో మరొక పార్శ్వం ఉన్నది. రాధాకాంత శర్మ వంటి పండితులు తొలినాటి పరిశోధనలకు తమ పాండిత్యాన్ని అందించారు. అయినా 1829 వరకు భారతీయులకు సంస్థలో సభ్యత్వం లేదు. అంటే 45 ఏండ్ల పాటు విద్యను సమకూర్చిన వారికి విత్తం విషయంలో అడిగే హక్కు లేదు. రాజేంద్రలాల్ మిత్ర 1885లో తొలి భారతీయాధ్యక్షుడయ్యే నాటికి సంస్థ వయస్సు నూరేండ్లు దాటింది. అంత ఆలస్యంగా సంక్రమించిన హక్కును నేటి సభ్యులు చివరి రోజు రైలు వేళకు సమర్పించడం శోచనీయం.

ప్రభుత్వ ధనసహాయం విషయంలో కూడా ఈ సంస్థ అనుభవం ఉపదేశాత్మకం. 1835 మార్చి 7న గవర్నర్ జనరల్ బెంటింక్ ప్రభుత్వం చేసిన తీర్మానంతో ప్రాచ్యభాషా గ్రంథముద్రణకు వెచ్చించే ధనం నిలిచిపోయింది. సగంలో ఉన్న సంస్కృత మహాభారత ముద్రణ కూడా ఆగిపోయింది. ఆసియాటిక్ సొసైటీ ఆ భారాన్ని స్వీకరించి 1839లో దానిని పూర్తిచేసింది. అదే సమయంలో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లకు విజ్ఞప్తి చేసి, గ్రంథప్రకటనకు నెలకు 500 రూపాయల గ్రాంటు సాధించింది. తరువాతి దశాబ్దంలో ప్రారంభమైన బిబ్లియోథికా ఇండికాకు ఈ ధనమే ఆధారమైంది. ఇక్కడ గమనించవలసిన అంశాలు రెండు. గ్రాంటు ఒక నిర్దిష్ట కార్యానికి వచ్చింది. ఆ గ్రాంటు లేని రోజున కూడా సంస్థ పనిచేయగలిగింది. స్వంత ధనం ఉన్న సంస్థకే పరధనాన్ని గౌరవంగా అడిగే స్థైర్యం ఉంటుంది.

తన శక్తికి మించినదానిని గుర్తించి వదులుకోవడం కూడా పాలనలో భాగమే. 1814లో సొసైటీ నెలకొల్పిన వస్తుప్రదర్శనశాల కాలక్రమంలో సభ్యుల చందాలు మోయలేని భారంగా పెరిగింది. 1866లో చట్టపూర్వకంగా ఆ సేకరణలను ఇండియన్ మ్యూజియానికి అప్పగించే ఏర్పాటు జరిగింది. అవి ఈనాటికీ ఉన్నాయి. ప్రతిష్ఠ కోసం పట్టుకొని కూర్చుంటే చెదలకు ఆహుతి కాగల సంపద, వదలడం వల్ల దక్కింది.

కలకత్తా అనుభవానికి తెలుగుదేశంలోని ఒక సంస్థ చరిత్రను పక్కన ఉంచి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. 1911లో మద్రాసులో జయంతి రామయ్యపంతులు ప్రభృతులు స్థాపించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పత్రికను నడిపింది, తాళపత్రాలను సేకరించింది, మహానిఘంటువును తలపెట్టింది. పిఠాపురం మహారాజు పోషణలో శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వెలువడింది. ఆ పోషణకు తెలుగుజాతి ఋణపడి ఉన్నది. కాని ఒక సంస్థానపు ఔదార్యానికి ఆ సంస్థానమున్నంత వరకే ఆయుర్దాయం. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీలు రద్దయ్యాయి. నిఘంటువు పరిసమాప్తి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ చేతుల మీదుగా జరగవలసి వచ్చింది. ఆ అకాడమీ కూడా 1983లో ప్రభుత్వ నిర్ణయంతో రద్దయింది. 1985లో తెలుగు విశ్వవిద్యాలయం ఏర్పడి అకాడమీల వారసత్వాన్ని స్వీకరించింది. పోషకుడు రాజైనా ప్రభుత్వమైనా, ఏకైక పోషకుని మీద ఆధారపడిన విద్యాకార్యానికి ఉన్న ప్రమాదం ఒక్కటే. ఆ పోషకుని పరిస్థితి మారిన నాడు కార్యం చేతులు మారాలి, లేదా ఆగిపోవాలి.

సభ్యుల చందాతో మాత్రమే ఈనాడు ఏ జాతీయ విద్వత్పరిషత్తూ నడవదని ఆక్షేపించవచ్చు. ఈ ఆక్షేపం యథార్థం. కాగితం, ముద్రణ, తపాలా, గ్రంథాలయ సంరక్షణ వ్యయాలు చందాల పరిధిని ఎప్పుడో దాటాయి. ప్రభుత్వ గ్రాంటు స్వీకరించడం దోషం కాదు. ప్రజాధనం ప్రాచీన విద్యకు వినియోగపడడం న్యాయమే. అయితే చందాకు రెండు ప్రయోజనాలున్నాయి. ఒకటి ధనం సమకూర్చడం. రెండవది అడిగే అధికారం ఇవ్వడం. మొదటి ప్రయోజనం తగ్గినందున రెండవది లోపించదు. గ్రాంటు పెరిగిన కొద్దీ లెక్క చూసే బాధ్యత ప్రభుత్వ ఆడిటుదేనని సభ్యులు విరమించుకొంటే, ఆ సంస్థ పరిషత్తుగా గాక కార్యాలయంగా మిగులుతుంది. ఆడిటరు వ్యయానికి రసీదు ఉన్నదా అని ప్రధానంగా చూస్తాడు. ఆ వ్యయం విద్యకు ఉపకరించిందా అని చూడవలసినది విద్వాంసుడు.

చట్టం మీద భారం వేయడం కూడా చాలదు. దేశంలోని అనేక విద్వత్పరిషత్తులకు ఆధారమైన 1860 సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ఏటా పాలకవర్గం పేర్లు, చిరునామాలు, వృత్తుల పట్టికను రిజిస్ట్రారుకు పంపవలసిందని నిర్దేశించింది. మూలచట్టం లెక్కలను పంపమని మాత్రం కోరలేదు. కొన్ని రాష్ట్రాలు తరువాత తమ సవరణలు చేసుకొన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2001లో ప్రత్యేక చట్టమే వచ్చింది. ఏమైనా చట్టం కోరేది కనీస ధర్మాన్ని. దాని పై భాగాన్ని పూరించవలసినవి సంస్థ నియమావళి, సభ్యుల జాగరూకత.

ఆ జాగరూకత ఎక్కడ అవసరమో చెప్పడానికి జీవిత సభ్యత్వాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక సంస్థ 1,000 రూపాయలు స్వీకరించి, సంవత్సరానికి నాలుగు సంచికలు యావజ్జీవం పంపుతానని అంగీకరించిందనుకొందాము. ఆ మొత్తం శాశ్వతనిధిలో చేరి నూటికి 7 వంతున వడ్డీ వస్తే ఏడాదికి లభించేది 70 రూపాయలు. సంచికకు ముద్రణ, తపాలా కలిసి 50 రూపాయలైతే వ్యయం 200. అంటే నిధిని ముట్టకపోయినా ప్రతి జీవిత సభ్యుని వల్ల ఏటా 130 రూపాయల లోటు. ఆ 1,000 రూపాయలనే ఆ ఏటి ఆదాయంగా చూపి ఖర్చు చేస్తే, ఆ సంవత్సరపు లెక్కలో మిగులు కనిపిస్తుంది. తరువాతి సంవత్సరాలన్నిటికీ అప్పు మిగులుతుంది. సభ్యసంఖ్య పెరిగిందని నివేదిక సంతోషిస్తున్న సమయంలోనే పత్రిక సంచికలు జంటసంచికలుగా, తరువాత వార్షిక సంచికలుగా మారడానికి ఇదొక హేతువు కాగలదు.

ప్రచురణల నిల్వ మరొక ఉదాహరణ. అమ్ముడుపోని ప్రతులు ఆస్తిగా పట్టికకెక్కుతాయి. ఏటేటా వాటిని లెక్కించకపోతే, తడిసి శిథిలమైన గ్రంథాలు కూడా కాగితం మీద ధనంగా నిలిచి ఉంటాయి. దాతలు ఒక బహుమతికో, ఒక ఉపన్యాసానికో ఇచ్చిన మూలధనం సామాన్యనిధిలో కలిసిపోతే, ఉపన్యాసం ఆగిన కారణం పదేండ్ల తరువాత ఎవరికీ తెలియదు. ఇవన్నీ అపహరణలు కానక్కరలేదు. చాలా వరకు అశ్రద్ధలు. అయితే వ్రాతపనిలోని అశ్రద్ధ వల్ల గ్రంథపాతం ఏర్పడినట్లే, లెక్కలలోని అశ్రద్ధ వల్ల సంస్థకు పాతం ఏర్పడుతుంది. లేఖకుడు దుష్టుడు కాకపోయినా పాఠం నష్టమవుతుంది.

కనుక విద్వత్పరిషత్తులు కొన్ని నియమాలను ఆచారంగా స్థిరపరచుకోవడం సముచితం. లెక్కలు, నివేదిక సర్వసభ్య సమావేశానికి కనీసం ఇరువది దినాల ముందు సభ్యులకు చేరాలి. జీవిత సభ్యత్వ ధనం, దాతల మూలధనం వేర్వేరు నిధులుగా పట్టికలో కనిపించాలి. ప్రభుత్వ గ్రాంటు ఏ కార్యానికి వచ్చినదో, ఆ కార్యం ఎంతవరకు జరిగినదో పక్కపక్కన చూపాలి. ప్రచురణల నిల్వను ఏటా కార్యవర్గేతరులైన ఇద్దరు సభ్యులు లెక్కించాలి. వరుసగా రెండు పర్యాయాలు పదవి నిర్వహించిన వారు ఒక పర్యాయం విరమించాలి. సర్వసభ్య సమావేశాన్ని చివరి సాయంకాలం నుండి మొదటి రోజు మధ్యాహ్నానికి మార్చాలి. వీటిలో ధనవ్యయంతో కూడినది దాదాపు ఏదీ లేదు. చివరిదానికి కాలపట్టికలో ఒక పంక్తి మారితే చాలును.

ప్రశ్నించడం కార్యదర్శిపై అవిశ్వాసం ప్రకటించడమవుతుందేమోనన్న సంకోచం పండితులలో ఉన్నది. ఇది నిరాధారం. మూలప్రతిని తాళపత్రంతో సరిచూసేవాడు సంపాదకుని అవమానించడం లేదు. ఆయన శ్రమకు ప్రామాణ్యం కలిగిస్తున్నాడు. లెక్కలను సరిచూసే సభ్యుడు నిజాయితీపరుడైన కోశాధికారికి చేసే ఉపకారం కూడా అట్టిదే. ఎవరూ చూడని లెక్క నిర్దుష్టమైనా దానికి సాక్షి ఉండడు. అపవాదు వచ్చిన నాడు ఆ కోశాధికారి ఒంటరి అవుతాడు.

ప్రాచ్యకళాశాలల అధ్యాపకులు జాతీయ విద్వత్పరిషత్తులకు పత్రాలు సమర్పిస్తున్నారు, చందాలు చెల్లిస్తున్నారు, విద్యార్థులను సభ్యులుగా చేర్పిస్తున్నారు. ఇక లెక్కల పత్రాన్ని కూడా తమ పఠనీయ గ్రంథాల జాబితాలో చేర్చుకోవలసి ఉన్నది. అందులో సందేహాస్పదమైన పంక్తి కనిపించినప్పుడు, పాఠభేదం కనిపించినప్పటి వలెనే, లేచి నిలిచి అడగవలసి ఉన్నది.