పోలీసు కొలువుకు తమిళమే గడప

హోసూరు, డెంకణికోట, సూళగిరి, వేపనపల్లి ప్రాంతాల తెలుగు ఇళ్లలో బిడ్డల చదువు ముగిసే వేళకు ఒకే చర్చ సాగుతుంది. సిప్‌కాట్ కర్మాగారమా, బెంగుళూరు ప్రయాణమా, ప్రభుత్వ కొలువా? మూడవ దారిలో ముందుగా కనిపించేది పోలీసు శాఖ. పదవ తరగతి చాలుననే మాటే అందుకు కారణం. ఆ మాట నిజమే గాని, సగమే నిజం.

తమిళనాడు యూనిఫారం సేవల నియామక మండలి రెండవ గ్రేడు పోలీసు, జైలు వార్డరు, అగ్నిమాపక సిబ్బంది ఉద్యోగాలకు ఉమ్మడిగా ఎంపిక జరుపుతుంది. 2023లో ఈ విధంగా 3,359 స్థానాలకు ప్రకటన వెలువడి, డిసెంబరు 10న రాతపరీక్ష జరిగింది. అందులో మొదటిది 80 మార్కుల తమిళ అర్హత పరీక్ష. నూటికి నలభై పాళ్లు, అనగా 32 మార్కులు రానివారి ప్రధాన పత్రాన్ని దిద్దనే దిద్దరు. ప్రధాన పత్రానికి 70, దేహదారుఢ్య పరీక్షకు 24, ఎన్‌సిసి, ఎన్‌ఎస్‌ఎస్, క్రీడల ధ్రువపత్రాలకు 6 మార్కులు. తమిళంలో వచ్చిన మార్కులు ఈ నూటిలో చేరవు. అయినా వాటిని దాటనిదే ఈ నూటికి లెక్కే లేదు.

మన పిల్లలు తడబడే చోటు ఇదే. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటవ తరగతి నుండి తమిళాన్ని క్రమంగా తప్పనిసరి చేసింది. భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాలను ఆశ్రయించి పదవ తరగతి తమిళ పత్రం నుండి మినహాయింపు పొందారు. 2023లో సుప్రీంకోర్టు దానిని మరొక ఏడాది పొడిగించింది. మాతృభాషలో చదువుకొనే హక్కు కోసం జరిగిన ఆ పోరాటం న్యాయమైనదే. కాని 2021 డిసెంబరు 1 నాటి ప్రభుత్వ ఉత్తర్వు రాష్ట్ర ఉద్యోగ పరీక్షలన్నిటా తమిళ పత్రాన్ని తప్పనిసరి చేసింది. పదిహేనేళ్ల వయస్సులో దొరికిన మినహాయింపు పద్దెనిమిదేళ్లకు అడ్డుగోడగా నిలుస్తున్నది. పైగా తమిళ మాధ్యమంలో చదివినవారికి గల ఇరవై శాతం ప్రాధాన్యం మన మాధ్యమం వారికి వర్తించదు.

దేహపరీక్షలోనూ కొలతలు కచ్చితం. పురుషులకు 170 సెంటీమీటర్ల ఎత్తు, 1,500 మీటర్ల పరుగుకు ఏడు నిమిషాలు. స్త్రీలకు 159 సెంటీమీటర్లు, 400 మీటర్లకు రెండున్నర నిమిషాలు. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఎత్తులో కొంత సడలింపు ఉన్నది. పొలం పనులకు అలవాటు పడిన దేహమైనా, కాలాన్ని కొలుచుకొంటూ నెలల తరబడి సాధన చేయక తప్పదు.

ఎంపికైన తరువాత శిక్షణ. ఏడు నెలలు శిక్షణ పాఠశాలలో, ఒక నెల ఠాణాలో. వేకువనే కవాతు, ఆపై ఆయుధాల వాడుక, చట్టాల పాఠాలు. 2024 జులై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినందున పాత శిక్షాస్మృతి సెక్షన్లను కంఠస్థం చేస్తే సరిపోదు. శిక్షణ ముగియగానే సొంత ఊరి ఠాణాలో కూర్చోవచ్చునని భావించరాదు. పురుషులలో పలువురు ముందుగా తమిళనాడు ప్రత్యేక పోలీసు పటాలంలోను, మిగిలినవారు సాయుధ దళంలోను పనిచేయవలసి ఉంటుంది. బందోబస్తుకు ఏ జిల్లాకైనా వెళ్లవలసిందే. పండుగనాడు ఇంట ఉండడం అరుదు.

అన్నిటికన్న మించిన హెచ్చరిక మరొకటి. 2023 ఫిబ్రవరిలో గోపచంద్రం వద్ద ఎద్దుల పరుగుకు అనుమతి విషయమై జరిగిన ఆందోళనలో జాతీయ రహదారి గంటల తరబడి స్తంభించి, రాళ్లు పడి, పలువురు యువకులు అరెస్టయ్యారు. పోలీసు నియామకాల్లో నడవడికను విచారిస్తారు. సందేహ లాభంపై విడుదలైనవారిని సైతం కేసులో పాల్గొన్నవారిగానే ఎంచే నిబంధన తమిళనాట ఉన్నది. కేసును దాచిపెట్టుట మరింత ముప్పు. ఒక్క పూట ఆవేశం కొలువును శాశ్వతంగా దూరం చేయగలదు.

ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న నేను తల్లిదండ్రులకు విన్నవించేది ఒక్కటే. తెలుగు బడిని వదలవద్దు. తమిళాన్నీ దూరం పెట్టవద్దు. పరీక్ష నుండి మినహాయింపు ఉన్నదంటే భాష నుండి మినహాయింపు ఉన్నట్లు కాదు. ఆరవ తరగతి నుండి రోజుకు అరగంట తమిళం చదివించండి. రేపు ఠాణా మెట్లెక్కిన మన ఊరి ముదుసలి గోడును తెలుగులో విని, తమిళంలో వ్రాయగల పోలీసు ఈ సరిహద్దుకు ఎంతో అవసరం. ఆ పోలీసు మన ఇంటి బిడ్డ ఎందుకు కారాదు?