కాగితం మీది మతం

సీతంపేట కొండల్లో సవరలు చాలామంది క్రీస్తును నమ్ముకున్నారు. ఆదివారం ప్రార్థనకు వెళ్తారు. అయినా వాళ్ల ఎస్టీ హోదాకు ఢోకా లేదు. గిరిజనులకు మతం అడ్డు కాదు మరి.

కొండ దిగి పాలకొండ వైపు వస్తే లెక్క మారిపోతుంది. మాల, మాదిగ, రెల్లి పేటల్లో ఎవరైనా బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ హోదా పోయినట్టే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా మహిమ ఇది. మొదట హిందువులకే అన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు బయటే మిగిలారు. మన రాష్ట్రంలో వాళ్లది బీసీ-సి. ఒక్క శాతం రిజర్వేషన్!

అందుకే కొందరు మనసులో ఏసును, కాగితం మీద పాత మతాన్ని ఉంచుకుంటారు. అది మోసం అంటారు కొందరు. నాకు అలా అనబుద్ధి కాదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన పేట ఊరి మధ్యకు జరిగిందా? ప్రభుత్వానికి మతం లేదంటాం గానీ, తాసిల్దారు ఆఫీసులో మాత్రం నీ దేవుడెవరని అడుగుతారు.

ఆ పేరా తీసేయమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానించింది. ఈలోగా బడిలో ఒక పేరు, చర్చిలో ఒక పేరు ఉన్న పిల్లలు పెద్దవాళ్లయిపోయారు.