పొర తీయగానే చూపు రాదు

విశాఖపట్నం వన్ టౌన్‌లో బంగారం పని చేసేవారికీ, చేపల రేవు దగ్గర వలలు బాగుచేసుకునేవారికీ కన్నే పెట్టుబడి. పద్మనాభం, ఆనందపురం గ్రామాలలో కుట్టుమిషను మీద బతికేవారి సంగతీ అంతే. ఇటువంటివారికి అరవై దాటాక చూపు మందగిస్తే, ‘కంటికి పొర కమ్మింది, ముదిరాక తీయిద్దాం’ అని ఇంటిల్లిపాదీ ఊరుకుంటారు. అసలు చిక్కంతా ఈ పొర అనే మాటతోనే వచ్చిపడుతోంది.

జనం పొర అనేది శుక్లాన్ని. అది నల్లగుడ్డు వెనుక ఉండే కటకం మసకబారడం. కంటిలో ఇంకొక పొర కూడా ఏర్పడుతుంది. కన్ను లోపలి వెనుక గోడకు అంటి ఉండే రెటీనా మీద, నడిమి చూపు నిలిచే మాక్యులా అనే చోట, ఉల్లిపొర కంటె పలుచగా అది పుడుతుంది. అది ముడుచుకున్నప్పుడు కింది రెటీనాను కూడా ముడతలు పెడుతుంది. అప్పుడు తిన్నని ద్వారబంధం వంకరగా, కరెంటు స్తంభం మెలిక తిరిగినట్టు కనిపిస్తుంది. శుక్లం వల్ల చూపు మసకబారుతుందే గాని గీతలు ఇలా వంగవు. ఒక కన్ను మూసి రెండవ దానితో గుమ్మాన్నో, పిల్లల రూళ్ల పుస్తకాన్నో చూస్తే ఈ తేడా ఇంట్లోనే తెలుస్తుంది. రెండు కళ్లూ తెరిచి చూస్తే మంచి కన్ను రెండవదాని లోపాన్ని కప్పివేస్తుంది.

ఈ పొర ఉన్న ప్రతివారికీ ఆపరేషను అక్కరలేదు. పని సాగుతూ ఉంటే కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. చూపు బాగా దెబ్బతింటున్నప్పుడు మాత్రం కంటిలోని జిగురు ద్రవాన్ని తొలగించి, సన్నని పటకారుతో పొరను ఒలుస్తారు. 1970 దశకం ఆరంభంలో అమెరికాలో రాబర్ట్ మాకెమర్ చూపిన బాట ఇది. నేడు రెటీనా వైద్యం కోసం మద్రాసు పరుగెత్తవలసిన పని లేదు. విశాఖలోనే హనుమంతవాక వద్ద ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ శాఖ 2006 నుంచి ఉంది.

కంటి రక్తనాళాలను ఫొటో తీయడానికి 1961 నుంచి చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కించే పద్ధతి ఉంది. కొందరికి దానితో వాంతులయ్యేవి. ఇప్పుడు ఓసీటీ ఆంజియోగ్రఫీ అనే యంత్రం సూది లేకుండా, వెలుగుతోనే ఆ పని చేస్తోంది. ఆరోగ్యమైన కంటిలో మాక్యులా నట్టనడుమ నాళాలు లేని చిన్న ఖాళీ ఉంటుంది. పొర లాగినప్పుడు నాళాలు లోపలికి జరిగి ఆ ఖాళీ కుంచించుకుపోతుంది. పొర ఒలిచాక అది కొంత విప్పారుతుంది గాని, చాలామందిలో రెండవ కంటి స్థాయికి రాదు. లాగుడు తగ్గినా, నలిగిన రెటీనా పూర్తిగా మునుపటిలా కాదన్నమాట. అయితే ఈ ఫొటోను బట్టి ఫలానా రోగికి ఇంత చూపు వస్తుందని ఖాయంగా చెప్పే లెక్క ఇంకా లేదు. ఆపరేషనుకు ముందు ఎంత చూపు మిగిలి ఉందన్నదే నేటికీ పెద్ద ఆధారం. అందుకే ‘ముదరనిద్దాం’ అన్న మాట శుక్లం కంటె ఇక్కడ ఎక్కువ నష్టం చేస్తుంది.

ఈ సంగతులు ఆస్పత్రులలో రోగికి తెలుగులో, నిదానంగా చెప్పాలి. సంతకం పెట్టించుకునే ముందే ఫొటో చూపించి, ‘ఇక్కడ నలిగింది, ఇంతవరకు ఆశ పెట్టుకోండి’ అనాలి. పెద్ద యంత్రంతో ఫొటో తీశారు గనుక పూర్తి చూపు వస్తుందని పల్లెవారు నమ్మడం సహజం. కట్టు విప్పిన రోజున ఏమీ మారలేదని వారు కుంగిపోతారు. నిజానికి చూపు నెలల మీద మెరుగవుతుంది; కొందరికి ఏడాది పడుతుంది. వంకరలు తగ్గినా కొంత మిగలవచ్చు.

మరొక మాట కూడా ముందే చెప్పవలసి ఉంది. ఈ ఆపరేషను తరువాత పెద్ద వయసువారికి అదే కంటిలో శుక్లం త్వరగా వస్తుంది. అది తెలియనివారు ‘తీసిన పొర మళ్లీ వచ్చింది’ అని డాక్టరును తిట్టుకుని ఆస్పత్రికి వెళ్లడమే మానేస్తున్నారు. ఆ వచ్చింది మామూలు శుక్లమే, దానికి మామూలు ఆపరేషనే చాలు.