విశ్వవిద్యాలయ పరిశోధనకు సాంకేతిక సహాయము : ఒక మనవి

మన విశ్వవిద్యాలయములలో సంస్కృతాంధ్ర పరిశోధనకు యంత్రసామగ్రి చాలదని సభలలో తఱచుగ వినవచ్చుచున్నది. నా అభిప్రాయము వేఱు. సామగ్రి కొంతవఱకు వచ్చినది. ఇంకను వచ్చుచునే యున్నది. లేనిది ఆ సామగ్రికిని పరిశోధకునికిని నడుమ నిలువవలసిన మనుష్యుడు. అతనిని నియమించి, స్థిరమైన స్థానము కల్పించి, అతని పనికి విద్యాగౌరవము నొసగు ఏర్పాటు లేకుండుటచేతనే క్రొత్త ప్రయత్నములు మొలకెత్తక ముందే ఎండిపోవుచున్నవి.

ప్రతి విశ్వవిద్యాలయములోను కంప్యూటరు కేంద్ర మొకటి యుండును. ప్రవేశములు, పరీక్షాఫలితములు, జీతపుపట్టికలు - వీనితోనే అక్కడివారి కాలము చెల్లిపోవును. అది వారి దోషము కాదు. వారిని నియమించినదే అందులకు. అట్టిచోటికి వైయాకరణుడొకడు పోయి, స్వరచిహ్నములతో సంహితను తెలుగులిపిలో అచ్చొత్తించుటెట్లని అడిగినచో అది వారికి ప్రశ్నగా కూడ తోచదు. యూనికోడు సంకేతవ్యవస్థలో తెలుగునకు 1991లోనే చోటు దొరకినది. కాని దంత్య చ-జ లకు 2008లోను, వైదిక చిహ్నముల విభాగమునకు 2009లోను, నకారపు పొల్లునకు 2021లోను గాని స్థానము లభింపలేదు. పాత ముద్రణములను చదువు ప్రతి పండితునికిని ఈ లోపము మొదటిదినముననే తెలియును. ఆ సంగతి ఎవరికి వ్రాయవలెను, ఏ రూపమున వ్రాయవలెను, ఏ ఉదాహరణములు జతపఱుపవలెను అని చెప్పువారు ఆతని పక్కగదిలో లేరు. ముప్పది సంవత్సరములు పట్టిన పనికి అన్ని సంవత్సరములు పట్టవలసిన అగత్యము లేదని నా నమ్మకము.

తాళపత్రముల విషయ మింతకంటె శోచనీయము. జాతీయ హస్తలిఖిత ప్రతుల సంస్థ 2003లో ఏర్పడినది. 2025 కేంద్ర బడ్జెటులో జ్ఞానభారతమ్ పేర కోటికి పైబడిన ప్రతుల పరిశీలన, సంరక్షణము తలపెట్టినారు. సంతోషమే. అయితే ఈ పేర జరుగు పని తఱచుగ ఛాయాచిత్రములతోనే ఆగిపోవుచున్నది. నే నెఱిగిన ఒక భాండాగారములో ఇరువది యేండ్ల క్రిందట ఆకులన్నిటికి చిత్రములు తీయించినారు. పథకపు గడువు తీరినంతనే, ఆ పని తెలిసిన నలుగురు కుఱ్ఱవాండ్రును ఒప్పందము ముగిసి వెడలిపోయిరి. కొన్నేండ్లకు నేనొక వ్యాఖ్యానము కొఱకు పోగా బీరువానిండ సి.డి.లు చూపినారు. ఏ చిత్రము ఏ ఆకుదో తెలుపు పట్టిక లేదు. వానిని చదువు యంత్రము కూడ అప్పటికే మూలబడినది. ఆకులు మాత్రము చక్కగ చదువుటకు వీలుగనే యున్నవి!

1990 తరువాతి దశాబ్దములో సొంత సంకేతములు గల ఫాంటులతో టైపు చేయించిన సిద్ధాంతగ్రంథముల గతియు ఇట్టిదే. ఆ ఫాంటు లేని యంత్రములో అక్షరములు అర్థములేని గుఱుతులగును. అందొక పదమును వెదుకుట అసాధ్యము. మార్చుటకు ఉపాయములు గలవు, కష్టమును కాదు. కాని అది ఎవరి విధి? శాఖాధ్యక్షుని దందుమా, గ్రంథపాలకుని దందుమా?

సహాయకవర్గ మన్నది మనకు క్రొత్త కాదు. సి.పి. బ్రౌన్ కడపలో చేసినదేమి? తన సొంతధనముతో పండితులను, లేఖకులను నియమించి, ఒక్కచోట కూర్చుండబెట్టి, ఒకే గ్రంథమునకు పలుప్రతులు తెప్పించి పాఠములు సరిచూపించినాడు. ప్రతులు వ్రాయువాడు, పాఠభేదము గుర్తించువాడు, అర్థనిర్ణయము చేయువాడు వేర్వేఱు. అందఱును ఒకే కప్పు క్రింద. ఆ శ్రమఫలముగ 1829లో వేమన పద్యములు, 1852 మొదలుగ నిఘంటువును వెలువడినవి. ఆ ప్రతులు పిమ్మట మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము చేరినవి. నేటి సాంకేతిక నిపుణుడు ఆనాటి లేఖకుని స్థానమున నున్నవాడు. లేఖకునికి శాస్త్ర మంతయు రానక్కఱలేదు. కాని తాను వ్రాయుచున్నదేమో తెలియవలెను, సందేహము కలిగినపుడు ఎదుటనున్న పండితు నడుగవలెను.

అట్లు కలిసి కూర్చున్నచోట ఫలము కనబడినది. అక్షర భారతి బృందము పాణినీయ కారకసిద్ధాంతము నాధారముగ గొని భారతీయభాషల వాక్యవిశ్లేషణమునకు మార్గము చూపు గ్రంథమును 1995లో వెలువరించినది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు సంస్కృతాధ్యయన శాఖలో 'సంసాధనీ' అను సాధనసముదాయము రూపొందినది. 'నతేన' అను వర్ణసముదాయమును యంత్రమున కిచ్చినచో వంగినవానిచేత అని యొకటి, వానిచేత కాదు అని మఱియొకటి, రెండు విధముల విభాగములును చూపవలెను. వీనిలో ఏది గ్రాహ్యమో తేల్చుటకు ఆకాంక్షా యోగ్యతా సన్నిధులు కావలెను. ఆ మూటిని యంత్రమునకు నియమములుగ నేర్పుట ఇంజనీరు ఒక్కనివలనను కాదు, నైయాయికుడు ఒక్కనివలనను కాదు. సంస్కృతమే కంప్యూటరుకు ఉత్తమభాషయని అమెరికా అంతరిక్షసంస్థ తేల్చినదని మన సభలలో చెప్పుట పరిపాటియైనది. 1985లో ఆ సంస్థకు సంబంధించిన రిక్ బ్రిగ్స్ అను పరిశోధకుడు ప్రకటించిన ఒక వ్యాసము దీనికి మూలము. అందు శాస్త్రీయ సంస్కృతపు వాక్యవిశ్లేషణ పద్ధతికిని, కృత్రిమమేధలో జ్ఞానమును నిరూపించు పద్ధతికిని సామ్యము చూపబడినదే కాని సంస్థ ఏ తీర్పును చేయలేదు. ఆ చప్పట్లకు వెచ్చించు కాలములో ఒక వ్యాఖ్యానమును శుద్ధముగ టైపు చేసికొనవచ్చును.

ఇక చేయవలసినది. ప్రాచ్యభాషాశాఖలు గల ప్రతి విశ్వవిద్యాలయములోను పరిశోధన సహాయకేంద్ర మొకటి, శాఖల నడుమనే, గ్రంథాలయమున కానుకొని యుండవలెను, పరిపాలనభవనములో కాదు. అందు కనీస మిద్దఱైనను స్థిరోద్యోగులు కావలెను. పథకములు వచ్చును పోవును, వారు పోరాదు. రెండవది, చిన్న ప్రయోగములకు చిన్న ధనము. ఒక విద్యార్థికి చక్కని ఊహ తోచినదనుకొనుడు. పాతప్రతులలో వలపలగిలక అక్షరమునకు కుడిప్రక్కన, తొమ్మిది అంకెను పోలి యుండును; ఉచ్చారణలో మాత్రము రేఫ ముందు వచ్చును. దానిని యంత్రము అంకెగ చదువకుండ నేర్పుట కాతడు రెండువందల ఆకులతో పరీక్షించి చూడదలచినాడు. ఇందులకు పదివేల రూపాయలు చాలును. నేటి పద్ధతిలో ఆ పదివేలకు ప్రతిపాదన, ఉపసంఘము, మూడు కొటేషనులు, ఆమోదము - ఇంతలో ఆతని పరిశోధనావధి ముగియును. ఇట్టి ప్రయోగములు పది చేసినచో ఏడు విఫలము కావచ్చును. విఫలమైనదానిని వ్రాసి భద్రపఱచినచో వెనుకవచ్చువానికి శ్రమ తగ్గును. దానికై లెక్కతనిఖీవారు ఆక్షేపింపకుండునట్లు నియమము చేయవలెను.

మూడవది పేరు. పరిష్కరణమును ప్రకటించునపుడు సాంకేతికునికి పీఠికలో ఒకవాక్యపు కృతజ్ఞతతో సరిపుచ్చరాదు; పాఠనిర్ణయమునకు తోడ్పడినవానిని సహపరిష్కర్తగ పేర్కొనవలెను. ఇది వినగానే నా సమవయస్కులలో కొందఱు ముఖము చిట్లింతురని యెఱుగుదును. 'అకారాదిక్రమము రానివాడు పరిష్కర్తయా?' అని అడుగుదురు. రానివానికి నేర్పుడు. నందినాగర లిపికి 2019లో యూనికోడులో చోటు దొరకినది. దానిని నిరాటంకముగ చదువగలవారు ఎందఱు మిగిలినారు? వారు జీవించి యుండగనే యువకు లెవరైన ప్రక్కన కూర్చుండి నేర్చినచో, చిత్రములకు చదువరులు కలుగుదురు.

మావంటి అనుబంధ ప్రాచ్యకళాశాలల కిట్టి కేంద్రమును స్వయముగ పెట్టుకొను శక్తి లేదు. విశ్వవిద్యాలయ కేంద్రపు ఉద్యోగి మాసమునకు రెండుదినములు ఇచ్చటికి వచ్చి పోయిన చాలును. ఆతని దారిబత్తెమును కళాశాల భరింపగలదు. చిక్కంతయు ఆతని పదవి విషయమున నున్నది. బోధకు డందుమన్న బోధింపడు, గుమాస్తా యందుమన్న సమర్థుడైన యువకుడు రాడు. ఆతనికి అధ్యాపకునితో సమానమైన వేతనశ్రేణియు, ప్రకటనలను బట్టి పదోన్నతియు ఉండవలెనని నా పక్షము. పాలకమండలుల ముందు మొదట పెట్టవలసిన తీర్మానము యంత్రముల కొనుగోలు కాదు, ఇది.