అడగందే అమ్మయినా పెట్టదా?

"అడగందే అమ్మయినా పెట్టదు" అన్న సామెత పుట్టించినవాడెవడోగాని, మిరప కోతకు వెళ్లిన బాలింతను మాత్రం చూచివుండడు. చూచివుంటే ఆ సామెతను తిరగేసి చెప్పేవాడు. బిడ్డ ఏడవకముందే ఆమెకు పాలు చేపుకొస్తాయి, రవిక తడుస్తుంది. పెట్టనిది అమ్మ కాదు. పెట్టనివ్వనిది కాటా. ఆ కాటా ఎవరి చేతిలో వున్నదో వాళ్లు.

ఏటా ఆగస్టు మొదటివారంలో తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. 1992 నుంచి ప్రపంచమంతటా జరుగుతున్నవే. వక్తలు తల్లులకు బోధిస్తారు: పుట్టిన గంటలోపు పాలు పట్టండి, ఆరు నెలలదాకా మంచినీళ్లయినా పొయ్యకండి, రెండేళ్లదాకా మానిపించకండి. ఈ మాటల్లో అబద్ధం లేదు. కాని తల్లికి తెలియక బిడ్డ పస్తుంటున్నదన్నదే ఈ బోధకంతటికీ పునాది. ఆ పునాదే తప్పు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మనదేశంలో నూటికి 88.6 కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన బిడ్డలు మాత్రం నూటికి 41.8. మంత్రసానినీ, ముసలమ్మ మూఢనమ్మకాన్నీ ఇక ఎంతకాలం నిందిద్దాం? తల్లి చేరింది వైద్యుల చేతుల్లోకే గదా!

ఆసుపత్రి గడప దాటాక ఆమె ఎక్కడికి పోతున్నదో చూడండి. సంక్రాంతి దాటేసరికి గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలు ఎర్రబడతాయి. పత్తి తీతలు ముగిసీముగియకముందే మిరప కోతలు అందుకొంటాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాలనుంచి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి తరలివచ్చి చేలగట్లమీద పట్టాలు కప్పుకొని కాపురముంటాయి. కిలో లెక్కన కోసే కూలికి చెయ్యి ఆగితే కూలి ఆగుతుంది. సాయంత్రానికి వేళ్లు భగ్గుమంటాయి. మిరపఘాటు ఉత్తనీళ్లకు కరగదు. నూనె రాసి, సబ్బుతో రుద్ది కడుక్కొంటేగాని వదలదు. ఆ చేతులతోనే ఆమె బిడ్డనెత్తుకోవాలి, రొమ్ము అందించాలి. కడుక్కోవడానికి నీళ్లు ఎక్కడివి? వ్యవధి ఎవరిచ్చారు?

పాలు కుండలో దాచుకొన్న సరుకు కాదు. బిడ్డ తాగినకొద్దీ ఊరుతాయి. తాగకపోతే గడ్డకట్టి, సలిపి, జ్వరం తెచ్చి, చివరకు ఇంకిపోతాయి. అప్పుడు సీసా వస్తుంది, నీళ్లు కలిపిన ప్యాకెట్ పాలు వస్తాయి, విరేచనాలు వస్తాయి. డబ్బాపాల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లో చట్టం చేశారు. 2003లో దాన్ని బిగించారు. మంచిదే. కాని డబ్బా కంపెనీకి ప్రకటనలతో పనేమున్నది? పొద్దుననగా వెళ్లిన తల్లి పొద్దుగూకిందాకా బిడ్డ మొహం చూడకుండా చేసే పని వుంటే చాలు.

చట్టాలు లేవా అంటే వున్నాయి. 1919లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ పాలిచ్చే కార్మికురాలికి పనివేళల్లో రోజుకు రెండుసార్లు అరగంట చొప్పున విరామమివ్వాలని ఒడంబడిక చేసింది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు. మన 1961 ప్రసూతి సౌకర్యాల చట్టం బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండు విరామాలన్నది. 2017 సవరణ సెలవును 26 వారాలకు పెంచింది. యాభైమంది పనిచేసేచోట శిశుగృహం పెట్టి, తల్లిని రోజుకు నాలుగుసార్లు బిడ్డ దగ్గరకు పోనివ్వమన్నది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఈ హక్కులను తనలో కలుపుకొన్నది.

ఈ సెలవు నేనూ అనుభవించాను, నెలజీతగత్తెను గనుక. తిరిగి కొలువులో చేరాక పాలు పిండుకోవడానికి విరిగిన బెంచీలు పేర్చిన గదిలో, గడియలేని తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. నా కష్టం చెప్పుకోవడానికి కాదు ఈ మాట రాస్తున్నది. చట్టం నీడలో వున్న చదువుకొన్నదాని గతే ఇదైతే, ఆ నీడ అసలే పడని చేలో మాటేమిటి? చట్టానికి తలలు లెక్కపెట్టడానికొక కప్పు కావాలి. చేనుకు కప్పు లేదు. కప్పు వున్నచోట పట్టీ లేదు: తొడిమలు తీసే ఆడకూలీ మేస్త్రి వెంట వస్తుంది, మేస్త్రి వెంట పోతుంది. టిక్కీల లెక్క వుంటుంది. ఆమె లెక్క వుండదు.

అయితే ఆ బిడ్డను ఎవరు చూస్తున్నారు? అంగన్‌వాడీ బడి మూడేళ్లు నిండిన పిల్లలను కూర్చోబెట్టుకొంటుంది. చంటిబిడ్డకు అక్కడ మామూలుగా చోటుండదు. ఉపాధ్యాయ మిత్రులారా, ఈ ప్రశ్నకు జవాబు మీ హాజరుపట్టీలో వున్నది. మాఘమాసంలో ఖాళీ అయిన బెంచీ చూడండి. అక్కడ కూర్చోవలసిన తొమ్మిదేళ్ల పిల్ల గట్టుమీద చెట్టుకొమ్మకు కట్టిన చీర ఉయ్యాల ఊపుతున్నది. మన చేలల్లో శిశుగృహానికి పేరు అక్క. ఆమెకు కూలి లేదు, చదువు లేదు, ఆమె కోసం ఏ వారోత్సవమూ లేదు. చంటిబిడ్డకు పాలందకపోవడమూ, అక్కకు అక్షరాలందకపోవడమూ ఒకే అన్యాయానికి రెండు ముఖాలు.

మాతృత్వాన్ని మన సాహిత్యం ఎంత కీర్తించిందో నేను చెప్పనక్కరలేదు. అయినా భాగవతం దశమస్కంధం మరొకసారి తెరవండి. యశోద బిడ్డకు పాలిస్తూ వుండగా పొయ్యిమీద పాలు పొంగుతాయి. కడుపు నిండకముందే బిడ్డను దించి పరుగెత్తుతుంది. బిడ్డ కోపంతో కుండ పగలగొడతాడు. ఆమె వాణ్ణి రోటికి కడుతుంది. దీన్ని లీల అన్నారు. నేనూ తరగతిలో చాలాకాలం అలాగే చెప్పాను. ఇప్పుడు అలా చెప్పలేను. ఇది పనికీ పాలకూ వచ్చిన తగాదా. నందుని ఇల్లాలికే పని ముందూ బిడ్డ వెనకా అయినప్పుడు కూలిమనిషి సంగతి చెప్పాలా? పైగా శిక్ష ఎవరికి పడింది? కడుపు నిండని బిడ్డకు!

"మా అమ్మమ్మ చేలోనే కని, బొడ్డు కోసుకొని, మళ్లీ కొడవలి పట్టింది" అని మీసం దువ్వేవాళ్లున్నారు. అలా కన్న బిడ్డల్లో ఎందరు బతికారో ఆ అమ్మమ్మనే అడగవలసింది. "మేమే అప్పుల్లో వున్నాం, ఇదెక్కడినుంచి తెచ్చిపెట్టం?" అని అడిగే కౌలురైతు మాట వేరు. అతనిది నిజమైన బాధ. ధర కూలిపోయి 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల జోక్యపు ధర ప్రకటించవలసివచ్చిన పంట ఇది. అందుకే ఆ భారం అతని నెత్తిన వేయమనడం లేదు. యార్డుకు చేరిన పంటమీద 1966 మార్కెట్ల చట్టం కింద రుసుము వసూలవుతున్నది. ఆ సొమ్ములోనుంచి కోతకాలంలో ఊరూరా శిశుగృహం నడపమంటున్నాం. కమీషన్ వ్యాపారీ, శీతల గిడ్డంగీ, ఎగుమతిదారూ తమ వంతు పెట్టాలంటున్నాం. ఇది జరిగేపని కాదనేవారికి ఒక్క ఉదాహరణ చాలు. పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురు వుంటే వాళ్లను చూచుకోవడానికి ఒక స్త్రీని నియమించి ఆమెకూ కూలి ఇవ్వాలని 2005 ఉపాధి హామీ చట్టం చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2025లో మరొకటి తెచ్చారు. కాని ఆరుబయలు పనిలోనూ బిడ్డకు చోటుండాలని ఒకసారి ఒప్పుకొన్న మాటను వెనక్కు తీసుకోవడం ఎవరితరమూ కాదు.

2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ ఆరువేల రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలన్నది. 2017లో వచ్చిన పథకం మొదటి బిడ్డకే అని గిరిగీసి, అయిదువేలన్నది. 2022లో రెండవ కాన్పుకూ ఇస్తామన్నారు, ఆడపిల్ల పుడితేనే! రెండవసారి మగబిడ్డను కన్న తల్లి గాలి భోంచేసి పాలిస్తుందా?

మనవాళ్లనూ ఒక మాట అనక తప్పదు. కూలిరేట్ల పోరాటాలు చేశాం. బాలింత అరగంటను కోర్కెల పత్రం చివరకు నెట్టాం, లేదా మరిచాం. దాన్ని ఆడవాళ్ల సంగతి అనుకొన్నాం. అది పనిగంటల సంగతి. విరామానికి కూలి కట్టకపోతే, కిలో లెక్క పనిలో ఆ విరామం జరిమానా అవుతుంది. కాబట్టి పాలిచ్చే వ్యవధికీ, చేతులు కడుక్కొనే వ్యవధికీ సగటు కూలి కట్టాలి. మేస్త్రి తెచ్చిన మనిషినీ పట్టీలో ఎక్కించాలి. ఆరువేలు ప్రతి తల్లికీ, ప్రతి కాన్పుకూ అందాలి. విద్యార్థులు ఈ సుగ్గికి చేలమీదికి వెళ్లి ఉయ్యాలలు లెక్కపెట్టాలి. ఉపాధ్యాయులు ఖాళీ బెంచీలు లెక్కపెట్టాలి. ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి కార్మిక శాఖ ముందూ, మార్కెట్ కమిటీ ముందూ నిలబడాలి.

అడగందే పెట్టనిది అమ్మ కాదు, యజమానీ, ప్రభుత్వమూ. వాళ్లను అడగవలసినట్టు అడుగుదాం.