కారణం తేలాకే కదులుతారా?

ఉప్పాడలో సముద్రం ఊరిని మింగేస్తోంది. కాకినాడ బీచ్ రోడ్డు తుఫానొచ్చినప్పుడల్లా తెగడం, మళ్ళీ రాళ్ళు పోయడం. (జియోట్యూబుల గోడ కూడా వేశారు లెండి, అలలు దాన్నీ చింపేశాయి.) సముద్రమట్టం పెరగడం వల్లని ఒకరు, గోదావరి మీది ఆనకట్టలు ఒండ్రుని ఆపేయడం వల్లని ఇంకొకరు, కాదు పోర్టు వల్లని మరొకరు. "సైంటిస్టులకే తెలీదు, తేలాక చూద్దాం" అని మన క్యూబికల్ మేధావుల తీర్పు!

అర్ధరాత్రి ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే రూట్ కాజ్ తేలేదాకా క్లయింటుని ఆగమంటామా? ముందు సర్వర్ని లేపుతాం, ఆర్సీఏ తర్వాత రాస్తాం. అయినా ఇక్కడ తేలనిది ఎవరి వాటా ఎంతన్నదే. 1901 నుంచి 2018 లోపు ప్రపంచంలో సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగిందన్నది కొలిచి చెప్పిన లెక్క.

1996 నవంబరు తుఫానుకి తూర్పు గోదావరిలో వెయ్యిమందికి పైగా పోయారు. అలల జోరుని ఆపేది కోరింగ వైపు మడ అడవులే. ఉప్పాడకి అవి అడ్డు రావు, నిజమే. మిగతా తీరానికైనా వస్తాయిగా? 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ళ స్థలాల కోసం ఆ మడ చెట్లనే కొట్టేశారు. కేసు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పేదలకి ఇళ్ళు కావాలి, కాదనను. కానీ చెట్లు కొట్టేటప్పుడు మాత్రం "అన్నీ తేలాక చూద్దాం" అని ఒక్కడూ అనలేదేం?