ల్యాప్‌టాప్ కొనేవారికి కొన్ని మెలకువలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న సామెత పుట్టిన నాటికి ల్యాప్‌టాప్ లేదు. ఉండి ఉంటే దానికీ ఆ వరుసలో చోటు దొరికేదేమో! 2020లో పాఠశాలలు మూతబడి చదువులు తెర మీదికి వచ్చిన నాటి నుంచి ఈ యంత్రం సామాన్య గృహస్థు ఖర్చుల పట్టికలోకి ప్రవేశించింది. పిల్లల పాఠాలు, ఉద్యోగ దరఖాస్తులు, చిన్న వర్తకుని పద్దులు, దూరదేశంలో ఉన్న బిడ్డలతో మాటామంతీ అన్నింటికీ అదే ఆధారమైంది. అయినా దానిని కొనేది ఐదారేళ్ళకు ఒకమారు. ఎంపికలో పొరపడితే ఆ ఐదారేళ్ళూ ఆ యంత్రంతోనే కాపురం చేయక తప్పదు. నెల జీతంలో నుంచి కూడబెట్టిన 35, 40 వేల రూపాయలు అంత తేలికగా మళ్ళీ చేతికి రావు.

ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ అయినా, చెన్నైలోని రిచీ స్ట్రీట్ అయినా, సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అయినా, ఇంట్లో కూర్చుని ఫోనులో చూసే అంగడి అయినా, కొనేవానిని ముందుగా పలకరించేవి అంకెలూ అక్షరాలూ. వాటి అర్థం తెలిసినవానికి బేరం సులభం. తెలియనివానికి అమ్మేవాని మాటే వేదం.

అవసరం ముందు, యంత్రం తరువాత

ఒక గుమాస్తా కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. కుమార్తె బి.కాం.లో చేరింది. చేతిలో ఉన్నది 40 వేలు. ఆమెకు కావలసినవి పాఠాలు వినడం, వ్యాసాలు రాయడం, లెక్కల పట్టికలు తయారు చేయడం, ఇంటర్నెట్ చూడడం. వీటిలో ఏ ఒక్కటీ యంత్రానికి భారమైన పని కాదు. ఇటువంటివారు ఆటల కోసం తయారైన బరువైన యంత్రం కొంటే, ఆ గ్రాఫిక్స్ చిప్పుకు పోసిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. ఇంజనీరింగు చిత్రాలు గీసేవారికీ, వీడియోలు కూర్చేవారికీ లెక్క వేరు. కనుక అంగడికి వెళ్ళే ముందు చేయబోయే పనులను ఒక కాగితం మీద రాసుకోవడం ఉత్తమం.

పేరు గొప్ప, ఊరు దిబ్బ

యంత్రానికి మెదడు ప్రాసెసర్. ఇంటెల్ సంస్థ చాలా కాలం ఐ3, ఐ5, ఐ7 అనే పేర్లతో వీటిని అమ్మింది. ఏడు మూడు కంటె పెద్ద సంఖ్య కనుక ఐ7 ఎప్పుడూ మేలు అని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. పేరు తరువాత వచ్చే అంకెలలో అసలు రహస్యం ఉంది. 2016 నాటి ఐ7-7500యు ఏడవ తరానికి చెందినది. దానిలో ఉన్నవి రెండు కోర్‌లు. 2022 నాటి ఐ3-1215యు పన్నెండవ తరానిది. దానిలో కోర్‌లు ఆరు. ఇక్కడ చిన్న పేరు గల తమ్ముడే పెద్ద పేరు గల అన్నను మించినవాడు. చివరి అక్షరానికీ అర్థం ఉన్నది. యు అని ఉంటే విద్యుత్తును పొదుపుగా వాడేది. హెచ్ అని ఉంటే శక్తి ఎక్కువ, వేడి ఎక్కువ, బ్యాటరీ ఖర్చూ ఎక్కువ. 2023 నుంచి ఇంటెల్ కొత్త ప్రాసెసర్ల పేర్లలో "ఐ" అక్షరాన్ని వదిలివేసింది. కనుక ఏ సంవత్సరంలో విడుదలైనదో అడిగి తెలుసుకోవడం మరింత అవసరం.

ఏఎండి సంస్థ రైజెన్‌లలోనూ ఇదే చిక్కు. 2023 ప్రాంతపు 7000 వరుసలో మొదటి అంకె అమ్మకపు సంవత్సరాన్ని సూచిస్తే, మూడవ అంకె లోపలి నిర్మాణం ఎంత పాతదో చెబుతుంది. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు అనే రెండింటికీ పేరులో తేడా ఒక్క అంకె. కాని మొదటిది 2019 నాటి నిర్మాణం మీద నాలుగు కోర్‌లతో తయారైనది. రెండవది తరువాతి నిర్మాణం మీద ఆరు కోర్‌లతో తయారైనది. ధరలో తేడా స్వల్పమైతే రెండవదానిని ఎంచుకోవడమే వివేకం.

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరం

1981లో అమెరికాలో విడుదలైన ఆస్‌బోర్న్-1 మోసుకుపోగల తొలి కంప్యూటర్లలో ఒకటి. దాని బరువు సుమారు 11 కిలోలు, తెర ఐదు అంగుళాలు, జ్ఞాపకశక్తి 64 కిలోబైట్లు. నేటి 8 జి.బి. ర్యామ్ దానికి లక్ష రెట్లకు పైన. అయినా అది బొటాబొటీగానే సరిపోతున్నది! విండోస్, దానితోపాటు తెరిచిన బ్రౌజరు పేజీలు కలిసి అందులో సగం సులభంగా మింగివేస్తాయి. రోజువారీ పనికి 8 జి.బి. కనీసం, 16 జి.బి. నిశ్చింత. 4 జి.బి. యంత్రం ఎంత చౌకగా దొరికినా దాని జోలికి పోరాదు.

ఇక్కడ అమ్మేవానిని అడుగవలసిన ముఖ్యమైన ప్రశ్న ఒకటున్నది. ర్యామ్ బోర్డుకు అతికించి ఉన్నదా, లేక మార్చుకొనే వీలున్నదా? అతికించినదైతే కొన్ననాడు ఎంత ఉన్నదో చివరి వరకూ అంతే. పైన చెప్పిన 7520యు గల యంత్రాలన్నీ ఈ కోవలోనివే. ఖాళీ స్లాట్ ఉన్నదైతే ఇప్పుడు 8 జి.బి.తో తీసుకుని, తరువాత మరొక 8 చేర్చుకోవచ్చు. 2025 చివరి నుంచి మెమొరీ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం నెలకొల్పుతున్న భారీ కంప్యూటర్ కేంద్రాల గిరాకీ ఇందుకు ప్రధాన కారణం. కనుక తరువాత చేర్చుకుందాం అనుకునేవారు ఆ ఖర్చును కూడా ముందే లెక్క వేసుకోవాలి.

నిల్వ సామర్థ్యం సంగతి ఇంత చిక్కు కాదు. తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న యంత్రం నిద్ర లేవడానికే చాలాసేపు పడుతుంది. ఎస్‌ఎస్‌డి తప్పనిసరి. 256 జి.బి. చాలినంత, 512 జి.బి. సౌకర్యం. 512 అని కొన్న తరువాత తెర మీద 476 అని కనబడితే మోసమని కంగారు పడనక్కరలేదు. తయారీదారు వేయి చొప్పున లెక్కిస్తే, విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. ఎస్‌ఎస్‌డిని సాధారణంగా తరువాత మార్చుకోవచ్చు. అందుచేత డబ్బు చాలనప్పుడు నిల్వలో తగ్గించుకోవాలే గాని అతికించిన ర్యామ్‌లో తగ్గించుకోరాదు. అతి చౌక యంత్రాలలో ఇఎమ్ఎమ్‌సి అనే 64 జి.బి. నిల్వ ఉంటుంది. విండోస్ 11కు కనీస అర్హతే 64 జి.బి. ఇక సొంత ఫైళ్ళకు చోటెక్కడ?

కన్ను, చేయి, ఊపిరి

తెర 1920 బై 1080 చుక్కలది అయి ఉండాలి. అంతకంటె తక్కువైతే తెలుగు అక్షరాల కింది వత్తులు, గుడులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి చదువరి కంటికి శ్రమ కలిగిస్తాయి. ఐపిఎస్ తెర మేలు. పక్క నుంచి చూసినా రంగు మారదు. కీబోర్డు మీద నాలుగు వాక్యాలు కొట్టి చూడాలి. తెలుగు రాసేవారు మీటల మీద తెలుగు అక్షరాలు లేవని చింతించనక్కరలేదు. ఇన్‌స్క్రిప్ట్ అమరిక విండోస్‌లోనే ఉన్నది.

బ్యాటరీ పది గంటలు వస్తుందని ప్రకటన చెప్పవచ్చు. చూడవలసింది వాట్-అవర్ల సంఖ్య. 42 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న యంత్రం తేలిక పనికి గంటకు 8 నుంచి 10 వాట్-అవర్లు ఖర్చు చేస్తే నాలుగైదు గంటలు నడుస్తుంది. కరెంటు పోయే ఊళ్ళలో ఈ లెక్క ముఖ్యం. రోజూ సంచిలో మోసే విద్యార్థికి 14 అంగుళాల తెర అనుకూలం. ఇంట్లో బల్ల మీదనే ఉంచేవారికి 15.6 అంగుళాలు మేలు.

పెట్టెలో లేని ఖర్చులు

కొన్ని యంత్రాలు విండోస్ లేకుండా తక్కువ ధరకు వస్తాయి. తరువాత దానిని విడిగా కొనాలంటే మిగిలిన డబ్బు కాస్తా పోతుంది. లినక్స్‌తో పని జరుపుకోగలవారికి మాత్రం అది లాభమే. కేరళ పాఠశాలలు ఏళ్ళ తరబడి ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ చదువు చెబుతున్నాయి. ఎమ్ఎస్ ఆఫీస్ ఉన్నదని చెబితే, అది శాశ్వతమా లేక ఒక సంవత్సరపు చందాయా అని అడగాలి. లిబ్రే ఆఫీస్ ఉచితం. సాధారణ విద్యార్థికి అది చాలు.

వాయిదాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 42 వేల యంత్రం నెలకు 3,500 చొప్పున పన్నెండు నెలలు, వడ్డీ లేదు అంటారు. అదే యంత్రం రొక్కానికి 39,500కు ఇస్తానంటే, ఆ 2,500 వడ్డీ కాక మరేమిటి? సున్నా వడ్డీ పథకాలలో వడ్డీ మరొక రూపంలో దాగి ఉంటున్నదని రిజర్వు బ్యాంకు 2013లోనే హెచ్చరించింది. పైగా క్రెడిట్ కార్డు వాయిదాల వడ్డీ మీద 18 శాతం జి.ఎస్.టి. పడుతుంది. రొక్కం ధర, వాయిదాల మొత్తం రెండూ పక్క పక్కన రాసి చూసుకుంటే నిజం తేలుతుంది.

పాత యంత్రం కొనవచ్చునా?

నిస్సందేహంగా కొనవచ్చు, కాని కళ్ళు తెరచి కొనాలి. కార్యాలయాలు వాడి వదిలిన యంత్రాలు గట్టివి, మరమ్మతుకు అనువైనవి. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదవ తరం, ఆపైవే అర్హమైనవి. టిపిఎమ్ 2.0 అనే భద్రతా సదుపాయం కూడా ఉండాలి. పైన చెప్పిన ఏడవ తరం ఐ7 ఈ పరీక్షలో తప్పుతుంది. పాత బ్యాటరీని మార్చే ఖర్చు ధరలో కలుపుకోవాలి. బిల్లు లేని యంత్రం ఎంత చౌక అయినా దొంగసొత్తు కావచ్చు. దానిని తాకరాదు.

ఇన్ని లెక్కలు వేసి చూస్తే ఆ గుమాస్తా కుమార్తెకు తగినది తేలుతుంది. ఇటీవలి తరం ఐ3 లేక దానికి సమానమైన రైజెన్, ఒక స్లాట్ ఖాళీగా ఉన్న 8 జి.బి. ర్యామ్, 512 జి.బి. ఎస్‌ఎస్‌డి, 14 అంగుళాల పూర్తి స్పష్టత గల తెర. ఇంతకంటె తళుకులకు పెట్టే డబ్బుతో ఒక బయటి డిస్క్ కొని ఫైళ్ళకు నకలు ఉంచుకోవడం మేలు. యంత్రం పోతే మరొకటి కొనవచ్చు. మూడేళ్ళ చదువు నోట్సును కొనలేము.

బిల్లే బలం

ల్యాప్‌టాప్ మీద జి.ఎస్.టి. 18 శాతం. అంటే 40 వేల ధరలో సుమారు 6,100 రూపాయలు పన్నే. జి.ఎస్.టి.లో నమోదైన వర్తకుడు తన వ్యాపారానికి కొంటే, ఆ పన్నును తాను కట్టవలసిన పన్నులో మినహాయించుకొనే వీలున్నది. బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాలి. దానిని కంపెనీ వెబ్‌సైటులో వేసి చూస్తే వారంటీ ఏనాటి నుంచి మొదలైనదో తెలుస్తుంది. సర్వీసు సెంటరు ఎంత దూరంలో ఉన్నదో, ఇంటికి వచ్చి బాగు చేస్తారో లేదో ముందే అడగాలి. చిన్న ఊళ్ళవారికి యంత్రం ధర కంటె ఈ సమాధానమే విలువైనది.

తేడా వస్తే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. అక్కడ పరిష్కారం దొరకకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. 2019 నాటి చట్టం ప్రకారం కొన్నవారు తాము నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. అమ్మిన సంస్థ ఏ మహానగరంలో ఉన్నా అడ్డు లేదు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్ళలోగా ఫిర్యాదు దాఖలు కావాలి. అందుకే పెట్టెను పారవేసినా పారవేయవచ్చు గాని, బిల్లును మాత్రం ఇంటి పత్రాలతోపాటు భద్రపరచాలి.